వేసవి పానీయాల్లో ‘తగినంత’ వద్దు, కొలత వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు మొదలవగానే పత్రికల్లో పానీయాల శీర్షికలు వస్తాయి. నన్నారి, మామిడి, నిమ్మ, పుదీనా, సబ్జా. ఈ మధ్య వాటికి మాక్‌టెయిల్, అంటే మద్యం లేని కాక్‌టెయిల్, అని పేరు కూడా పెడుతున్నారు. ఫొటోలు బాగుంటాయి. చదివి చేసినవాళ్లకు మాత్రం తరచూ మిగిలేది చప్పటి చక్కెర నీళ్లే. తప్పు వాళ్ల చేతిది కాదు, వంటకంలో రాసిన ‘తగినంత’ అనే మాటది. నిమ్మరసం తగినంత, పంచదార సరిపడా, ఉప్పు చిటికెడు, ఐసు కొన్ని ముక్కలు, సోడా కొంచెం. పప్పుకో పులుసుకో ఈ మాట చెల్లుతుంది. పొయ్యి మీద ఉన్నంతసేపు గరిటెతో రుచి చూసి దిద్దుకోవచ్చు. సోడా పోసే పానీయానికి ఆ వీలు లేదు. పోశాక తీపి చాలలేదని పంచదార వేసి తిప్పారా, గ్యాసు పోతుంది, ఆ తిప్పుడుకు ఐసు కరుగుతుంది. దిద్దేకొద్దీ ఇంకా చెడుతుంది. కాబట్టి కొలత ముందే తెలియాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని వంటకాల్లో ‘సోడా అర చెంచా’ అని ఉంటుంది, కొన్నింటిలో ‘సోడా ఒక గ్లాసు’ అని ఉంటుంది. ఒకటి వంట సోడా, ఇంకొకటి తాగే సోడా. ఈ తేడా చెప్పకుండా అచ్చు వేయడం ప్రమాదం. ‘కప్పు’ సంగతీ అంతే. కొలత కప్పు అంటే 240 మి.లీ., మనింట్లో టీ కప్పు అందులో సగం ఉంటే గొప్ప.

కాక్‌టెయిల్ అనే మాటకు అచ్చులో మనకు దొరికే తొలి నిర్వచనం కూడా ఒక పాఠకుడి ఉత్తరానికి సంపాదకుడు ఇచ్చిన జవాబే. 1806 మే నెలలో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊరి పత్రిక ఆ మాట వాడింది. అదేమిటని ఒక చందాదారు రాసి అడిగాడు. మే 13 సంచికలో జవాబు వచ్చింది: ఏదో ఒక మద్యం, చక్కెర, నీళ్లు, చేదు మూలికల సారం, ఈ నాలుగూ కలిసినది అని. శ్రీరామనవమి పానకం పక్కన పెట్టి చూడండి. బెల్లం ఉంది, నీళ్లు ఉన్నాయి, చేదు స్థానంలో మిరియాలు, శొంఠి, యాలకుల ఘాటు ఉంది. లేనిది మద్యం ఒక్కటే. అంటే ఈ కూర్పు మనకు కొత్త కాదు. మనం బార్‌టెండర్, అంటే బారులో పానీయాలు కలిపే మనిషి, దగ్గర నేర్చుకోవలసింది అతని సీసాలు కాదు, అతని కొలత, అతని ఐసు. వీధి చివర సోడా బండి నడిపే మనిషే మనకు బార్‌టెండర్. నిమ్మకాయ, ఉప్పు, నన్నారి, సోడా, పొడుగు గ్లాసు, పని తెలిసిన చెయ్యి అతని దగ్గర ఉన్నాయి. చిన్న కొలత గిన్నె ఒకటీ, మంచి ఐసూ తోడైతే చాలు.

ఈ ఉత్తరంలో రాసేవన్నీ మద్యం లేనివే. తిరుమల కొండ మీద మద్యం నిషేధం. కొండ కింద తిరుపతిలోనూ గ్లాసు పట్టుకునేవాళ్లలో చాలామంది యాత్రికులు, పిల్లలు, పెద్దవాళ్లు. అయితే మద్యం తీసేసినప్పుడు దానితోపాటు ఏం పోతుందో తెలుసుకోవాలి. గొంతులో దిగే మంట పోతుంది, నాలుక మీద నిలిచే బిగువు పోతుంది, వాసనను పైకి తెచ్చే గుణం పోతుంది. మంటకు అల్లం, మిరియం, పచ్చిమిర్చి ఉన్నాయి. బిగువుకు చిక్కటి టీ డికాక్షన్ గ్లాసుకు 10 మి.లీ. చాలు, టీలోని వగరు ఆ పని చేస్తుంది. వాసనకు నన్నారి, నిమ్మ తొక్క. ఈ మూడు ఖాళీలూ పూరించకపోతే ఎంత అలంకరించినా అది రంగు నీళ్లే.

ఇక కొలత. బార్లలో చిన్న పెగ్గు 30 మి.లీ., పెద్దది 60. పెగ్గు కొలిచే, రెండువైపులా వాడే ఆ స్టీలు గిన్నె పాత్రల కొట్లో దొరక్కపోతే దగ్గు మందు సీసా మీద వచ్చే గీతల మూత శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు. 5, 10, 15 మి.లీ. గుర్తులు దాని మీదే ఉంటాయి. పాకానికి పంచదార, నీళ్లు తూకంలో సమానం: 500 గ్రాములకు 500. పంచదార కరిగేవరకే వేడి చేయాలి, తీగ పాకం పట్టకూడదు. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. ఒక గ్లాసుకు ఈ పాకం 30 మి.లీ., నిమ్మరసం 15, చల్లటి సోడా 150, ఉప్పు నీళ్లు 5 చుక్కలు. రెండు తీపి, ఒకటి పులుపు, పది సోడా. ఇదే మూల కొలత, మిగతావన్నీ దీన్నుంచే పుడతాయి.

బార్లలో పులుపు, తీపి సమానంగా పోస్తారు: మద్యం 60కి నిమ్మరసం 22, పాకం 22 అటూ ఇటూ. ఆ లెక్కను అలాగే తెచ్చుకుని మద్యం ఒక్కటి తీసేస్తే పానీయం మరీ పుల్లగా ఉండి పళ్లు జివ్వుమంటాయి. మద్యం తనకు తానే పులుపును అణుస్తుంది. పైగా వాళ్లది చిన్న గ్లాసు, చప్పరిస్తూ తాగేది. మనది నడి ఎండలో గటగటా తాగే పెద్ద గ్లాసు. అందుకే ఇక్కడ తీపి పులుపుకు రెట్టింపు ఉండాలి.

ఉప్పు చిటికెడు అన్నది కూడా వదిలేయండి. ఒకరి చిటికె ఇంకొకరికి మూడు రెట్లు ఉంటుంది. 20 గ్రాముల ఉప్పును 80 మి.లీ. నీళ్లలో కరిగించి చుక్కల మందు సీసాలాంటి దానిలో పోసుకుంటే సరి. 5 చుక్కలతో పానీయం ఉప్పగా అనిపించదు. చేదు అణిగి తీపి పైకి వస్తుంది. ఉప్పు సోడానే కావాలంటే 200 మి.లీ.కు 1 గ్రాము, అంటే చిన్న చెంచాలో ఐదో వంతు.

నిమ్మకాయ పిండడంలో జరిగే పొరపాటు మాటిమాటికీ చూసేదే. చివరి చుక్క దాకా తొక్కను మెలిపెట్టి నొక్కితే గింజల చేదు, తెల్ల పొర చేదు దిగుతాయి. ఒక్కసారి నొక్కి వదిలేయాలి. మధ్యరకం కాయకు 15 నుంచి 20 మి.లీ. వస్తుంది, కాయను అరచేతి కింద బల్ల మీద దొర్లించి కోస్తే ఇంకాస్త వస్తుంది. పొద్దున పిండి పెట్టుకున్న రసం సాయంత్రానికి చేదెక్కుతుంది. నాలుగు గంటల్లో వాడేయాలి. ఏప్రిల్‌లో గూడూరు నిమ్మ ధర మండుతుంటే పొద్దున్నే ఒకేసారి పిండి పెట్టుకోవడం పొదుపులా కనిపిస్తుంది కానీ మిగిలిన రసం పారబోయాల్సి వస్తుంది.

సోడా గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గ్లాసులు చెడేది ఇక్కడే. గోళీ సోడా సీసాను 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన తన పేరిట పేటెంటు చేయించాడు. లోపలి గ్యాసే గోళీని రబ్బరు వాచరుకు నొక్కి పెట్టి సీసాను మూస్తుంది. అంత ఒత్తిడితో పట్టి ఉంచిన గ్యాసు తెరిచాక నీళ్లలో ఎంతసేపు నిలుస్తుందన్నది చల్లదనాన్ని బట్టే ఉంటుంది. మామూలు గాలి ఒత్తిడిలో ఒక లీటరు నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర సుమారు 1.7 లీటర్ల బొగ్గుపులుసు గ్యాసును పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర 0.9 లీటరు. 40 దగ్గరికి వచ్చేసరికి అర లీటరే. మే నెలలో తిరుపతి ఎండలో బండి మీద నిలబెట్టిన సీసా సంగతి ఇక వేరే చెప్పాలా? గోళీ కొట్టగానే నురగై పొంగి సగం బయటికి పోతుంది, గ్లాసులోకి చప్పటి నీళ్లు వస్తాయి. ఐసు వేసి చల్లబరుద్దామంటే అప్పటికే గ్యాసు లేదు. సీసానే ముందు చల్లగా ఉండాలి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు, లేదా మెడ దాకా మునిగేలా ఐసు నీళ్ల తొట్టిలో. తొట్టిలో ఉత్త ఐసు ముక్కలకన్నా ఐసు, నీళ్లు కలిసి ఉంటే సీసా త్వరగా చల్లబడుతుంది, నీళ్లు సీసా చుట్టూ అంటుకుంటాయి కాబట్టి. గోళీ కూర్చునే వాచరు సందులో మురికి చేరుతుంది. వాచరు నల్లబడినా, పగిలినా మార్చాల్సిందే.

ఐసుకు వద్దాం. తినే ఐసు తాగే నీళ్లతో చేసినదై ఉండాలి. తినకూడని ఐసుకు నీలం రంగు కలపాలని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లోనే చెప్పింది. చేపల పెట్టెలకు వెళ్లే దిమ్మ, పానీయంలో వేసే ముక్క ఒకటి కాకూడదని. నీలంగా ఉన్నది ముట్టవద్దు. నీలం లేనంత మాత్రాన మంచిదని కాదు, అది ఏ నీళ్లతో చేశారో అడగండి. గోనె సంచిలో చుట్టి నేల మీద కొట్టిన దిమ్మ ఎంత శుభ్రమైన నీళ్లతో చేసినా పనికిరాదు.

శుభ్రత తర్వాత సైజు. పొడిగా కొట్టిన ఐసు చూడ్డానికి బాగుంటుంది, రెండు నిమిషాల్లో గ్లాసును నీళ్లు చేస్తుంది; ఎంత చిన్న ముక్కలైతే అంత ఎక్కువ మేర పానీయానికి తగులుతుంది మరి. పెద్ద ముక్కలు మూడు, అంటే 100 నుంచి 120 గ్రాములు ఒక గ్లాసుకు. ఐసు తక్కువ వేస్తే పానీయం పలచబడదనుకుంటారు. నిజానికి తక్కువ ఐసు త్వరగా కరిగిపోయి, చల్లదనమూ చాలదు, నీళ్లూ చేరతాయి. ఇంట్లో అయితే స్టీలు గిన్నెలో అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లు గడ్డకట్టించి, శుభ్రమైన బట్టలో పెట్టి అప్పడాల కర్రతో రెండు దెబ్బలు వేస్తే చాలు.

నన్నారి రాయలసీమ సొత్తు. సుగంధిపాల తీగ వేరు అది. పరిమళం వేరు బెరడులో ఉంటుంది, లోపలి కట్టె భాగం వల్ల లాభం లేదు. ఎండు వేరు 50 గ్రాములు మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడిగి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, లోపలి కట్టె ఏరేసి, కాగి దించిన అర లీటరు నీళ్లలో వేసి మూత పెట్టి రాత్రంతా ఉంచాలి. పొద్దున పలచటి బట్టలో వడగట్టి, కిలో పంచదార వేసి, సన్న సెగ మీద మూత తీయకుండా కరిగేవరకు ఉంచి దించేయాలి. నిమ్మరసం 5 మి.లీ. వేస్తే పాకం గడ్డ కట్టదు. చాలామంది వేరును గంటసేపు ఉడికిస్తారు. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఆ వాసన ఇంట్లోకి పోయిందంటే గ్లాసులో లేదనే అర్థం, నన్నారి పరిమళం ఆవిరైపోయే రకం. రంగు చూసి మోసపోవద్దు, కారమెల్ రంగు పోస్తే ఏ పాకమైనా నల్లగానే ఉంటుంది. ఇంత చిక్కటి పాకం 20 మి.లీ. మూల కొలతలోని మామూలు పాకం 30 మి.లీ.తో సమానం. ఇది గమనించక 30 పోసేవాళ్లే ఎక్కువ, అందుకే బజారులో నన్నారి సోడా మొహం మొత్తుతుంది. నన్నారి 20, నిమ్మ 15, టీ డికాక్షన్ 10, సోడా 150 కలిపి చూడండి. పైన నిమ్మ తొక్క చిన్న పట్టీ కోసి గ్లాసు మీద మెలిపెడితే తొక్కలోని నూనె చిమ్ముతుంది. ముందు తగిలేది ఆ వాసనే.

ఇక ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు మామిడి గురించి చెప్పకుండా ఉత్తరం ముగించడం కుదరదు. తోతాపురి, మనవాళ్ల మాటలో బెంగళూరా, గుజ్జు ఫ్యాక్టరీల కాయ. 2025 సీజనులో ధర పడిపోయి రైతులు కాయలతో ఫ్యాక్టరీల ముందు బారులు తీరితే, ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని నిర్ణయించింది. ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. ఇక్కడ పండి, ఇక్కడే గుజ్జై, డ్రమ్ముల్లో ఎక్కడెక్కడికో పోయే ఆ సరుకు మన వీధి సోడా బండి మీద మాత్రం కనిపించదు. బండికి అది బాగా సరిపోతుంది. 3.1 కిలోల డబ్బా ఒకటి తెరిస్తే గ్లాసుకు 60 మి.లీ. లెక్కన సుమారు 48 గ్లాసులు, 850 గ్రాముల చిన్న డబ్బాకు 13.

కలిపే తీరు ఇది. గుజ్జు 60 మి.లీ., పాకం 15, నిమ్మరసం 10, చల్లటి నీళ్లు 30, ఉప్పు నీళ్లు 5 చుక్కలు, పొడుగ్గా చీల్చిన పచ్చిమిర్చి సగం. మూత గట్టిగా బిగిసే వెడల్పు మూతి స్టీలు సీసాలో ఐసుతో 12 సెకన్లు గట్టిగా కుదపాలి. గాజు సీసా వద్దు, ఐసు తగిలి పగులుతుంది. కుదిపాక లోపలి గాలి చల్లబడి ముడుచుకుని మూత బిగుసుకుపోతుంది. పక్క నుంచి అరచేత్తో తడితే వస్తుంది. టీ జాలితో కొత్త ఐసు ఉన్న గ్లాసులోకి వడగట్టి, పైన 100 మి.లీ. సోడా గ్లాసు గోడ వెంట నెమ్మదిగా పోసి, పొడుగు చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి ఎత్తితే చాలు. గుజ్జులో సన్నటి నార ఉంటుంది, సోడాలోని గ్యాసు ఆ నారను పట్టుకునే బుడగలవుతుంది, అందుకే మామిడి సోడా పొంగుతుంది. నీళ్లు పోసి కుదిపి వడగట్టమన్నది ఈ పొంగు తగ్గడానికే. గ్లాసు అంచున రెండు వేళ్ల ఖాళీ వదలండి. సోడాను మాత్రం ఎన్నడూ సీసాలో పోసి కుదపకూడదు. మూత ఎగిరి మొహానికి తగులుతుంది.

బెంగళూరా ముక్కల మీద ఉప్పుకారం చల్లి అమ్మడం మన బడుల గేట్ల దగ్గర ఎవరికీ కొత్త కాదు. అదే గ్లాసు అంచుకు పెట్టండి: రెండు పాళ్లు సన్న ఉప్పు, ఒక పాలు కారం, అంచును నిమ్మచెక్కతో తడిపి బయటివైపు సగం చుట్టూ మాత్రమే అద్దాలి. లోపలివైపు అద్దితే ఉప్పు పానీయంలోకి జారుతుంది. డబ్బా తెరిచాక గుజ్జును అందులోనే ఉంచకుండా గాజు లేదా ప్లాస్టిక్ పాత్రలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడాలి. మిగిలేలా ఉంటే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించుకోవచ్చు. ఆ ముక్కలే సోడాలో వేసుకుంటే కరిగేకొద్దీ రుచి పెరుగుతుందే గానీ పలచబడదు.

చిత్తూరు బెల్లానిది ఇంకో దారి. బెల్లం 100 గ్రాములు, నీళ్లు 100, వేడి చేసి దట్టమైన బట్టలో వడగట్టాలి, అడుగున ఇసుక, చెరకు పిప్పి ఉంటాయి. గింజ తీసిన చింతపండు 50 గ్రాములు 150 మి.లీ. వేడి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి పిసికి జల్లించండి. బెల్లం పాకం 30, చింతపండు రసం 20, శొంఠి పొడి చిన్న చెంచాలో ఎనిమిదో వంతు, దంచిన మిరియం ఒకటి. బెల్లం నురగెత్తే గుణం కలది, కాబట్టి సోడా ఒక్కటే కాకుండా 75 నీళ్లు, 75 సోడా. బెల్లం పాకం ఎండాకాలంలో బయట ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పులుస్తుంది. సీసాలో బుడగలు కనిపించినా, కల్లు వాసన వచ్చినా పారబోయండి.

బార్లలో కొన్ని పానీయాల పైన మందంగా నిలిచే తెల్ల నురగ గుడ్డు తెల్లసొనది. గుడ్డు తిననివాళ్లకు కాబూలీ శనగలు ఉప్పు వేయకుండా ఉడికించిన నీళ్లు 20 నుంచి 30 మి.లీ. అదే పని చేస్తాయి. ఆ నీళ్లు వేలికి కాస్త జిగురు తగిలేంత చిక్కబడాలి; పలచగా ఉంటే నురగ నిలవదు. మొదట ఐసు లేకుండా 15 సెకన్లు, తర్వాత ఐసుతో ఇంకో 12 సెకన్లు కుదపాలి. పుదీనా గురించి ఒక్కటే మాట, రుబ్బవద్దు. ఆరు ఆకులు అరచేతిలో పెట్టి ఒక్క చరుపు చరిచి వేయండి. నలిపితే పచ్చి చేదు దిగుతుంది. సబ్జా గింజలు 15 నిమిషాలు నానాకే గ్లాసులోకి రావాలి.

గంగజాతరకో, ఇంట్లో శుభకార్యానికో 20 మందికి చేయాలంటే పాకం 600 మి.లీ., నిమ్మరసం 300, అంటే 18 నుంచి 20 కాయలు. ఈ రెండూ ఉప్పు నీళ్లు ఒక చిన్న చెంచాతో కలిపి గంట ముందు చల్లబరిచి పెట్టుకోండి. మూడు లీటర్ల సోడాను మాత్రం పెద్ద పాత్రలో కుమ్మరించవద్దు, చివరి గ్లాసుకు గ్యాసు ఉండదు. గ్లాసులోనే ఐసు మీద మిశ్రమం 45 మి.లీ. పోసి, ఏ గ్లాసుకు ఆ గ్లాసు 150 సోడా. అల్లం, మిరియం, పచ్చిమిర్చి మాత్రం 20 రెట్లు పెంచకండి. నానేకొద్దీ ఘాటు ఎక్కుతుంది. సగం లెక్కతో మొదలుపెట్టి, రుచి చూసి, ఘాటు చాలనగానే వడగట్టేయాలి.

సంపాదకులను మేము కోరేది ఇదే. వచ్చే వేసవి పేజీలో ద్రవాలన్నీ మి.లీ.లో, గట్టి పదార్థాలు గ్రాముల్లో వేయండి. తాగే సోడా అయితే ‘తాగే సోడా’ అనే రాయండి. ఐసు ఎన్ని గ్రాములో, ఎన్ని సెకన్లు కుదపాలో, పాకం సమపాళ్లదా రెట్టింపు చిక్కనిదా చెప్పండి. ఫొటో పరిమాణం కాస్త తగ్గిస్తే ఈ నాలుగు వరుసలకు చోటు దొరుకుతుంది. మామిడి పానీయం వేస్తే గుజ్జు 60 మి.లీ. అని వేయండి, ‘ఒక కప్పు’ అని వేయకండి.

ఇట్లు,
పానీయాల తయారీ పని తెలిసిన కొందరు పాఠకులు,
తిరుపతి.